రామోజీరావుకు దండం పెడదాం, మన మైకు మనం అడుగుదాం



పత్రికా రంగానికీ చదువులకూ సేవ చేసిన టీవీ పెద్దలకు శాలువాలు కప్పడం, డాక్టరేట్లు ఇవ్వడం మన దగ్గర మామూలే. అందులో తప్పేం లేదు. మంచి పని చేసినోళ్లను గుర్తుంచుకోవడం ఆదివాసీకి ఎవరూ నేర్పక్కర్లేదు. మన కొలుపులు, మన జాతరలు అన్నీ గుర్తుంచుకోవడం కోసమే కదా. కానీ శాలువా కప్పాక ఏం చేయాలి? ఆ మనిషి మొదలుపెట్టిన పని ఎక్కడ ఆగిందో చూసి, అక్కడి నుంచి ముందుకు నడపాలి. నిజమైన గౌరవం అదేనని నా అభిప్రాయం.

తెలుగు టీవీ అంటే ముందు గుర్తొచ్చేది రామోజీరావు. 1974లో విశాఖపట్నంలో ఈనాడు, 1995లో ఈటీవీ, 2003లో వార్తల కోసం ఈటీవీ2. 2016లో పద్మవిభూషణ్ వచ్చింది. పద్మ అవార్డుల్లో జర్నలిజాన్ని సాహిత్యం, విద్య అనే విభాగంలో లెక్కిస్తారు. అంటే వార్త రాయడం కూడా చదువు చెప్పడం లాంటిదే అని సర్కారు ఒప్పుకున్నట్టు. 2024 జూన్ 8న ఆయన చనిపోతే తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది.

ఆయన రాజకీయాల మీద, వ్యాపారాల మీద ఎవరి మాట వాళ్లకుంది. దాన్ని పక్కన పెట్టి ఆయన చేసిన రెండు పనులు చూద్దాం.

మొదటిది, జిల్లా పేజీలు. 1989లో ఈనాడు జిల్లాకో ప్రత్యేక సంచిక మొదలుపెట్టింది. అప్పటిదాకా పేపర్ అంటే ఢిల్లీ, హైదరాబాద్. ఆ తర్వాత ఊళ్లో బోరు పాడైనా, బడికి సారు రాకపోయినా అది వార్తే అయింది. మండలానికో విలేకరి వచ్చాడు. తన ఊరి పేరు అచ్చులో చూసుకున్న మనిషి ఆఫీసరు ముందు నిలబడే తీరు మారింది.

రెండోది, ఈనాడు జర్నలిజం స్కూలు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలను తీసుకుని, నెలనెలా భృతి ఇచ్చి, పని నేర్పారు. ఇవాళ తెలుగు చానెళ్లలో, పేపర్లలో చాలామంది అక్కడ నేర్చుకున్నోళ్లే. పేదింటి పిల్లలకు భృతి ఎంత ముఖ్యమో హాస్టళ్లలో చదివిన మనకు తెల్వదా?

ఇప్పుడు అసలు మాటకొస్తా. వార్త మండలం దాకా వచ్చింది. గూడెం దాకా వచ్చిందా?

టీవీలో మనం మూడు సందర్భాల్లో కనిపిస్తాం. విషజ్వరాలు వచ్చినప్పుడు, ఎదురుకాల్పులు జరిగినప్పుడు, రెండేళ్లకోసారి మేడారం జాతర అప్పుడు. జాతర నాలుగు రోజులూ కెమెరాలే కెమెరాలు. వనదేవతలు గద్దెల మీదికి వచ్చినంత సేపు లైవ్. తల్లులు వనంలోకి పోగానే ఓబీ వ్యాన్లు కూడా పోతాయి. మిగతా రోజుల్లో పోడు పట్టా రాని రైతు ఏమంటున్నాడు? వాగు దాటలేక గర్భిణిని మంచం మీద మోసుకొచ్చిన వాళ్లు ఏమంటున్నారు? వాళ్ల గురించి వేరేవాళ్లు చెప్తారు. అది కూడా వాళ్ల భాషలో కాదు.

భాష సంగతి చూడండి. అదే సంస్థ నుంచి 2019లో ఈటీవీ భారత్ వచ్చింది, 13 భాషల్లో. మంచి ప్రయత్నమే. అందులో గోండి లేదు, కోయ లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, కోయ మాట్లాడేవాళ్లు 4 లక్షల పైన. ఇది ఒక్క సంస్థ తప్పు అనను. ఏ పెద్ద తెలుగు చానెల్‌కైనా ఇది పట్టిందా? ప్రకటనలు రావు కాబట్టి వార్తలు ఉండవు. లెక్క అంతే.

కుదరదు అనేవాళ్లకు ఛత్తీస్‌గఢ్ చూపిద్దాం. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌదరి 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టాడు. స్టూడియో లేదు, ఓబీ వ్యాన్ లేదు. గూడెంలో ఉన్న మనిషి మామూలు ఫోన్ నుంచి తన మాటను రికార్డు చేస్తాడు. సరిచూసినాక మిగతావాళ్లు అదే ఫోన్లో వింటారు. రేషన్ రాలేదని, కూలి డబ్బులు పడలేదని జనం వాళ్ల భాషలోనే చెప్పుకున్నారు. 2014లో దీనికి అంతర్జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు సంగతి అట్లుంచండి, ఫోన్ పట్టుకున్న అవ్వ విలేకరి అయింది. అది పెద్ద విషయం.

మరి మనమేం అడగాలి?

సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో ఇచ్చిన మాట. పార్లమెంటులో బిల్లు పాసయ్యేసరికి 2023 డిసెంబర్. తొమ్మిదేళ్లు పట్టింది. ములుగు 2016 దాకా వరంగల్ జిల్లాలోదే. వరంగల్‌లో కాకతీయుల పేరుతో 1976 నుంచి ఒక యూనివర్సిటీ ఉంది. ఆ కాకతీయులకు కప్పం కట్టనని నిలబడ్డ తల్లుల పేరుతో ఇప్పుడు ఇంకోటి వచ్చింది. ఆ పేరుకు తగ్గ చదువు అక్కడ ఉండాలా వద్దా?

అక్కడ కోయ, గోండి, తెలుగు భాషల్లో జర్నలిజం కోర్సు ఉండాలి. భృతి ఇచ్చి పని నేర్పాలి. క్యాంపస్‌కు ఒక కమ్యూనిటీ రేడియో కావాలి. వరంగల్ సభల్లో శాలువాలు కప్పించుకునే టీవీ పెద్దలు ఏటా కొందరు ఆదివాసీ పిల్లలను తమ న్యూస్‌రూమ్‌లోకి తీసుకోవాలి. దయతో కాదు, జీతంతో. జాతర పాటలకే కాదు, డెస్కు మీదికి కూడా.

అప్పటిదాకా ఆగుదామా? వద్దు. చేతిలో ఫోన్ ఉంది. మీ గూడెంలో ఈ వారం జరిగిన ఒక్క విషయం మీ భాషలో రికార్డు చేయండి. తేదీ చెప్పండి, ఊరు చెప్పండి, రెండో పక్షం మాట కూడా అడగండి. విన్నది వేరు, చూసింది వేరు అని స్పష్టంగా చెప్పండి. జర్నలిజం స్కూల్లో మొదటి పాఠం అదే.

రామోజీరావు వార్తను జిల్లా దాకా తెచ్చాడు. దండం పెడదాం. అక్కడి నుంచి గూడెం దాకా తేవాల్సింది మనమే.

జై ఆదివాసీ!