డిస్క్ నిండితే ముందు నా ఫొటోలేనా?

మీ ఇంట్లో కూడా ఇంతేనా, లేక మా ఇంట్లోనేనా? కంప్యూటర్లో సి డ్రైవ్ దగ్గర గీత ఎర్రబడగానే ఇంటిల్లిపాదీ తిరిగి చూసేది అమ్మ వైపే. "అమ్మా, నీ ఫొటోలు తీసెయ్." "ఆ వంటల వీడియోలు ఇంకా ఎందుకూ?" పిల్లాడి ఆటలు లెక్కలోకి రావు. మావారి ఆఫీసు ఫైళ్లయితే ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో అనవసరమైనది ఏదైనా ఉందంటే అది మనదేనన్నమాట!

నన్ను తీసెయ్యమన్నవి మా అత్తగారి వీడియోలు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవకాయ కలుపుతూ నన్ను దెబ్బలాడిన వీడియో ఒకటి, మనవడికి గోరుముద్దలు పెట్టినది ఒకటి, అలా అన్నీ కలిపితే 6 జీబీ. "పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇక్కడ తీసెయ్ అమ్మా, పోయేదేముంది" అన్నాడు మావాడు. ఎక్కించాను. అంతమాత్రాన ఇక్కడ తీసేస్తే ఉండేది మళ్లీ ఒక్క కాపీయేగా? వేలెడంత పెన్‌డ్రైవ్ సొరుగులో కనపడకుండా పోతే అప్పుడెవర్ని అడగాలి?

అందుకే ఎదురు ప్రశ్న వేశాను. 64 జీబీ అని అమ్మిన ల్యాప్‌టాప్‌లో నావి 6. మిగతాదంతా ఎవరు తింటున్నట్టు?

కూర్చుని లెక్క తీస్తే ఆశ్చర్యమేసింది. అసలు 64 అన్నది విండోస్‌లో 59 చిల్లరగానే కనిపిస్తుంది. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెడితే విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుందట. బియ్యం కొట్లో ఒక తూకం, ఇంట్లో ఒక తూకం అంటే మనం ఊరుకుంటామా? తర్వాత విండోస్ ఫైళ్లు. పైగా 2019 నుంచి వచ్చిన కొత్త కంప్యూటర్లలో అప్‌డేట్ల కోసమని సుమారు 7 జీబీ ముందే పక్కన పెట్టేసుకుంటుంది. ఇల్లు అద్దెకిచ్చి ఒక గదికి తాళం వేసుకున్న ఓనరుగారిలాగా. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాత విండోస్‌ని మొత్తం 'విండోస్ ఓల్డ్' అనే ఫోల్డర్లో అటకెక్కిస్తుంది. మామూలుగా పది రోజులకి అదే దించేస్తుంది కానీ, ఆ పది రోజులూ చోటు లేదని అరిచేది మన మీదే. ఇవి చాలవన్నట్టు హైబర్నేట్ ఫైలు ఒకటి. ర్యామ్‌లో దాదాపు నలభై శాతమంత ఉంటుంది.

మావాడు దీనికీ సమాధానం చెప్పాడు. అప్‌డేట్లు లేకపోతే వైరస్‌లొస్తాయి, పాత విండోస్ ఉంటేనే ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చు అని. నిజమే, కాదనను. అప్‌డేట్లు ఆపమని నేనూ చెప్పను. కానీ ఆ చోటు ఖరీదు కూడా మన దగ్గరే వసూలు చేశారు కదా, ఆ సంగతి డబ్బా మీద ఎందుకు రాయరు? విండోస్ 95 పదమూడు ఫ్లాపీల్లో పట్టేది. 2021లో వచ్చిన విండోస్ 11కి కనీసం 64 జీబీ డిస్క్ ఉండాలన్నారు. 2013లో సర్ఫేస్ ప్రో వచ్చినప్పుడు, 64 జీబీ రకంలో కొన్నవాళ్లకి మిగిలేది 23 జీబీయే అని అమ్మకాలకి ముందు మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. అప్పుడు పెద్ద గోలే అయింది. అంటే మిగిలేదెంతో చెప్పడం చేతకాని పనేం కాదు. మాకు అమ్మిన కొట్లో అతను మాత్రం "64 చాలమ్మా, ఇంట్లోకేగా" అన్నాడు. ఇంట్లోకేగా అట!

సరే, నేను చేసింది చెప్తాను, మీకూ పనికొస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. ఏది ఎంత తింటోందో అక్కడ వరసగా చూపిస్తుంది. పాత విండోస్, అప్‌డేట్ల తుక్కు టిక్కు పెట్టి తీసేశాను. పాతది తీసేస్తే మళ్లీ దానికి వెళ్లలేం కాబట్టి కొత్తది సరిగ్గా నడుస్తోందని నాలుగు రోజులు చూసుకున్నాకే తీశాను. ఒక్క జాగ్రత్త: ఆ వరసలోనే 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. అది తుక్కు కాదు, కరెంటు బిల్లులు, పిల్లల హాల్ టికెట్లు అన్నీ అక్కడే పడుంటాయి. దానికి టిక్కు పెట్టకండి. విండోస్ ఫోల్డర్లోకి దూరి పెద్దగా కనిపించినవల్లా చేత్తో తీసెయ్యకండి. ముఖ్యంగా 'విన్ ఎస్ఎక్స్ఎస్' అనేదాని జోలికి వెళ్లొద్దు. అది కనిపించేంత లావు ఉండదు, దాన్ని కదిపితే విండోస్ లేవకుండా పోవచ్చు కూడా.

మా దాంట్లో మొత్తం 17 జీబీ ఖాళీ అయింది. అత్తగారి వీడియోలకి దాదాపు మూడింతలు. ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. మావారు చూసి "ఎవర్నైనా పిలిచావా?" అన్నారు.

వచ్చే ఏడు అమ్మాయి కాలేజీకి ల్యాప్‌టాప్ కొనాలి. కొట్లో డబ్బు కట్టేముందే ఆన్ చేయించి, సి డ్రైవ్ తెరిపించి, ఖాళీ ఎంతో నా కళ్లతో చూస్తాను. చూపించనంటే పక్క కొట్టు ఉంది.