చిన్న పెట్టెలో లావు గొంతు



ఈసారి గోడపత్రికకి కవిత రాయమన్నారు. నాకు కవిత రాదు. అందుకని సంక్రాంతి సెలవల్లో నేను వాయించిన ఒక వాయిద్యం గురించి, దాని వల్ల నాకు కలిగిన అభిప్రాయం గురించి రాస్తున్నాను.

మా చిన్నాన్న చెన్నైలో వాయిద్యాలు బాగుచేసే అంగట్లో పనిచేస్తాడు. పండక్కి ఆత్మకూరు వచ్చినప్పుడు సంచిలోంచి రెండున్నర అడుగుల గిటారు తీశాడు.

"ఏంది చిన్నాన్నా, పిల్లోళ్ళ బొమ్మా?" అని నవ్వాను.

"నవ్వేది తర్వాత. ముందు ఆ లావు తీగ మీటి చూడబ్బయా" అన్నాడు.

మీటాను. పొట్టకి ఆనించుకున్న చెక్క అదిరి నా కడుపులో ధుమ్మంది. నవ్వు ఆగిపోయింది.

దాని పేరు యుకులేలే బాస్. యుకులేలే అంటే హవాయి దీవుల చిన్న గిటారు. 1879లో పోర్చుగీసు వాళ్ళు ఓడలో తెచ్చుకున్న వాయిద్యం నుంచి అది పుట్టింది. బాస్ అంటే పాటకి అడుగున ఉండే లావు గొంతు. మామూలు బాస్ గిటారు దాదాపు నాలుగడుగులుంటుంది. అందులో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. దీంట్లో సుమారు 21 అంగుళాలే. అయినా రెండూ ఒకే స్వరాలు పలుకుతాయి. ఎట్లా? తీగ పొట్టిదైతే స్వరం పైకి పోతుంది. దాన్ని కిందికి దించాలంటే తీగ బరువుగానో, వదులుగానో ఉండాలి. అందుకే దీనికి రబ్బరు లాంటి లావు తీగలు వేస్తారు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. మనం సైన్సులో బట్టీ పట్టిన పాఠం నా వేలి కింద కదిలింది.

మూడు రోజులు వాయించాను. మూడో రోజు మా అవ్వ పాడుతుంటే రెండే స్వరాలు మార్చి మార్చి మీటాను. సిగ్గేసి ఆపితే అవ్వ కూడా పాట ఆపి, "ఆపొద్దు నాయనా, అది మోగతుంటే నాకు ఊతంగా ఉండాది" అంది.

ఆ మాటే నా చేత ఇది రాయిస్తోంది. పోయినేడు నా గొంతు మారింది. ప్రార్థన పాటలో "వెనక నిలబడి పెదాలు కదిలించు చాలు" అన్నారు. అది తప్పని నేననను, నేను పాడితే పాట చెడేది. కానీ నాలాంటి వాళ్ళు మన హాస్టల్లో ఎంతమంది ఉన్నారు? గొంతు మారినోళ్ళు, నలుగురిలో నోరు తెరవలేనోళ్ళు. పాటకి పైన పాడే గొంతే కాదు, కింద ఊతం కూడా కావాలి. ఆ పని మేము చేయగలం.

"విదేశీ సరుకు మనకెందుకు?" అని కొందరంటారు. మన దగ్గర మాత్రం లేదా? శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకుల కథ చెప్పేవాళ్ళు జముకుని చంకలో పెట్టుకుంటారు. తోలుకి కట్టిన ఒంటి తీగని బిగిస్తే స్వరం పెరుగుతుంది, వదిలితే దిగుతుంది. అదీ చిన్నదే, దాని గొంతూ లావే. ఇక ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే చేతులున్నాయి. వాళ్ళకి నమూనా చూపిస్తే ఇట్లాంటి పెట్టె చెక్కలేరా?

"చదువు పాడవుతుంది" అంటారు ఇంకొందరు. యుకులేలే బాస్‌ని మైకు పెట్టెకి తగిలించకపోతే దాని చప్పుడు చాలా తక్కువ. స్టడీ అవరు అయ్యాక ఒక మూల కూచుని మీటుకుంటే చదివేవాళ్ళకి అడ్డు కాదు.

వార్డెన్ గారికి నా విన్నపం ఒక్కటే. ఆటసామాను కొనేటప్పుడు ఒక చిన్న వాయిద్యం కూడా ఆలోచించండి. డబ్బుల్లేకపోతే ఆదివారం పూట రేకు డబ్బా, కర్ర, తీగతో మమ్మల్నే ఒంటి తీగ వాయిద్యం చేసుకోనివ్వండి.

మిత్రులారా, ముందు నిలబడి పాడేవాళ్ళకి చప్పట్లు కొడదాం. వెనక నిలబడ్డ వాళ్ళ చేతికి కూడా ఏదో ఒకటి ఇద్దాం. తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి