గట్టు రోడ్డుకు టార్కే మందు

పెద్ద బండి కొందామనుకునే నరసాపురం కుర్రాడు ముందు అడిగేది ‘ఎంత స్పీడు పోద్దండీ’ అనే. పోవడానికి రోడ్డేదీ? కాలవగట్టు మీద మలుపు, మలుపు తిరిగితే కొబ్బరికాయల ట్రాక్టరు, దాని ముందు రొయ్యల వ్యాను, ప్రతి ఊరి మొదట్లో నడుం విరిచే స్పీడ్ బ్రేకరు. ఇలాంటిచోట టాప్ స్పీడు అక్కరకు రాని చుట్టమే. మూడో గేరులో నింపాదిగా పోతూ, సందు దొరగ్గానే గేరు దించకుండా లాగేసే టార్కు కావాలి. ఆ సుఖం ముందొకటి, వెనకొకటి సిలిండరుండే వీ-ట్విన్ ఇంజనుది. 2014లో మన మార్కెట్లోకొచ్చిన హార్లే స్ట్రీట్ 750నే తీసుకోండి: 749 సీసీ, దాదాపు 60 న్యూటన్ మీటర్ల టార్కు, అదీ 4000 ఆర్‌పీఎం దాటకుండానే. బుల్లెట్ 350 ఇచ్చేదానికి ఇది రెట్టింపు. కష్టమూ ఉంది. వైశాఖం ఎండలో ఏరు దాటించే పంటు కోసం మాధవాయిపాలెం రేవులో ఆగితే వెనక సిలిండరు వేడికి తొడ మాడుతుంది. 220 కిలోల పైచిలుకు బండిని తడిసిన రేవు వాలులో కాలు జారకుండా పంటెక్కించడం ఒక్కడి పని కాదు. పైగా హార్లే కంపెనీ 2020లో మన దేశంలో తయారీ ఆపేసింది, స్ట్రీట్ 750కి అక్కడితో సరి. కాబట్టి సెకండ్ హ్యాండులో కొనేవాళ్లు సైలెన్సరు మోత విని మురిసిపోకండి. రేడియేటరు ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి, స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నాకే బయానా ఇవ్వండి.