రౌతు కొద్దీ గుఱ్ఱము

ఇరువది నాలుగు గంటలలో వేయి మైళ్ళు. అనగా 1,609 కిలోమీటర్లు. మోటారు సైకిలుపై ఒంటరిగా కూర్చుండి, ఎండను, గాలిని, వానను మీద వేసికొని సాగింపవలసిన ప్రయాణము. రైలుపెట్టెలో పడుకొని పోవువానికే అంత దూరము విసుగు పుట్టించును. అట్టి దానిని ఎవరును పొమ్మనకయే, సెలవుదినములు ఖర్చు చేసికొని, పెట్రోలుకు చేతి డబ్బు పెట్టుకొని చేయువారు ప్రపంచమున వేలకొలది కలరు. చేరిన చోట వారికి పని యుండదు. పలుకరింపవలసిన చుట్టము లుండరు. ఇది వెఱ్ఱి కాదా యని అడుగువారి ప్రశ్న అసంగతము కాదు. కాని వెఱ్ఱి యని త్రోసివేయుటకు ముందు, అందులో విద్య యెంత, దుడుకుతన మెంత యని విడదీసి చూచుట న్యాయము.

దూరముతో పందెము వేయుట మోటారు సైకిలుతో పాటే పుట్టినది. 1914లో ఎర్విన్ బేకర్ అను అమెరికా దేశీయుడు ఇండియన్ కంపెనీవారి బండిపై శాన్ డియాగో నుండి న్యూయార్కునకు పదకొండున్నర దినములలో చేరెను. ఆ కాలమున ఆ దేశపు పడమటి భాగమున రోడ్డనదగినది అరుదు. ఇసుక, బురద, బండిజాడలు, ఇవియే దారి. మరి రెండేండ్లకు, 1916లో, ఆగస్టా, ఎడెలైన్ వాన్ బ్యూరెన్ అను అక్కచెల్లెండ్రు చెరియొక బండి నెక్కి, న్యూయార్కు నుండి పసిఫిక్ తీరమునకు సుమారు రెండు నెలలలో పోయిరి. సైన్యమున వార్తలు మోయు పనికి స్త్రీలును తగుదురని చూపుట వారి ఉద్దేశము. మగవారి దుస్తులు తొడిగినారను నేరముపై దారిలో వారిని పోలీసులు పట్టుకొనిరి. ప్రయాణము నెగ్గినది గాని సైన్యము వారిని చేర్చుకొనలేదు. బేకరు గడియారముతో పోరాడెను. ఆ సోదరీమణులు లోకముతో పోరాడిరి. దూరప్రయాణమునకు మొదటినుండియు ఈ రెండు ముఖములు కలవు.

నేడు ఈ విద్యకు ముఖ్యపీఠము అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్. పేరు వినిన నవ్వు వచ్చును. ఇనుప పిరుదులవారి సంఘమని దాని యర్థము. వారు పెట్టిన మొదటి పరీక్ష పేరు సాడిల్‌సోర్, అనగా జీను ఒరసిన పుండు. తమ్ము చూచి తామే నవ్వుకొనగలవారు కావుననే వారి నియమములలో కొంత వివేకము కూడ కానవచ్చును. వేయి మైళ్ళను 24 గంటలలోను, 1,500 మైళ్ళను 36 గంటలలోను ముగించుట తొలి మెట్లు. 1984లో ఆరంభమైన వారి పెద్ద పందెము పదకొండు దినములు సాగును. అందు ముందు నిలుచువారు దినమునకు వేయి మైళ్ళ చొప్పున పదకొండు వేల మైళ్ళ వరకు పోవుదురు. బయలుదేరునపుడు ఒక సాక్షి, చేరినపుడు ఒక సాక్షి, నడుమ ప్రతి పెట్రోలు బంకు దగ్గర గంట, నిమిషము ముద్రించిన రసీదు ఉండవలెను. తొలి పరీక్షలో కోరునది గడువులోపల చేరుటయే. ఇరువది మూడు గంటలలో చేరినవాడును, ఇరువది గంటలలో చేరినవాడును పొందునది ఒకే యోగ్యతాపత్రము. వేగమునకు అదనపు గౌరవము లేదు.

ఈ నియమము వెనుక ఒక లెక్క యున్నది. 1,609 కిలోమీటర్లను ఇరువది నాలుగు గంటలకు పంచినచో గంటకు 67 వచ్చును. ఆగుటలకు నాలుగు గంటలు తీసివేసినను గంటకు 80 చాలును. మన హైవేపై లారీలును అంత వేగముతో పోవుచునే యున్నవి. ఇక 250 కిలోమీటర్ల కొకసారి పెట్రోలు పోయించుకొనువాడు ఆరు చోట్ల ఆగవలెను. ప్రతిచోట టీకని, ఫోటోకని, కబుర్లకని అరగంట అధికముగా జార్చుకొనెనా, మూడు గంటలు పోయినవి. వానిని రోడ్డుపై రాబట్టుకొనుటకు ఎనుబదికి బదులు తొంబదియైదు పోవలెను. ఆరితేరినవాడు అందుకే వేగము పెంచడు, వ్యర్థము తగ్గించును. ఎచట పెట్రోలు, ఎచట నీరు, ఎచట నిద్ర యని ముందే వ్రాసికొనును. దప్పిక కాకమునుపే నీరు త్రాగును. కడుపునిండ బిరియానీ తిని బయలుదేరినవానికి గంటలోపల కునుకు వచ్చునని యెరిగి తేలికగా తినును. గాలిహోరు గూడ మనిషిని అలయించునని చెవులకు దూది వంటి బిరడాలు పెట్టుకొనును. రౌతు కొద్దీ గుఱ్ఱమని పెద్దలన్నది ఇంజనుకు కూడ వర్తించును. బండి ఎన్ని గుఱ్ఱముల బలము కలదైనను, దానిని వేయి మైళ్ళు చేర్చునది రౌతు యొక్క అణకువయే.

మరి ఇంత కష్టమునకు ఫలమేమి? నాగపూరులో తెల్లవారుజామున బయలుదేరి 44వ నంబరు జాతీయరహదారిపై దక్షిణముగా పోవువానిని తలచుకొనవలెను. పెన్‌గంగ దాటగానే ఆదిలాబాదు టేకు అడవుల చల్లదనము మోకాళ్ళకు తగులును. సోన్ వద్ద గోదావరి, బీచుపల్లి వద్ద కృష్ణ, కర్నూలు వద్ద తుంగభద్ర, కరూరు చేరకమునుపు కావేరి. పూర్వులకు నెలల తరబడి నడిచినగాని కలిసిరాని నదులు ఒక్క పగటిలో, ఒక్క రాత్రిలో వాని చక్రముల క్రిందుగా పోవును. అనంతపురము సీమలో నేల ఎఱ్ఱబారి గాలి ఎండిపోవుటను కారులో కూర్చున్నవాడు అద్దము గుండ చూచును. ఇతడు చర్మముతో చదువును. దుకాణముల బోర్డులపై మరాఠీ పోయి తెలుగు వచ్చును, తెలుగు పోయి కన్నడము, అదియు పోయి తమిళము. మదురై దాటుసరికి వేయి మైళ్ళు నిండును. దేశము పెద్దదని బడిలో చదివినది అపుడు నడుము నొప్పి రూపమున వానికి బోధపడును.

అంతకంటె లోతైన ఆకర్షణ మరియొకటి కలదు. ఇంట, ఆఫీసున మనిషి మనస్సు నూరు తునకలుగా పంచబడియుండును. బండిపై కూర్చున్నవానికి ఒక్కటే పని: ముందున్న నూరు గజములను చక్కగా చూచుట. పది గంటలు అట్లు చూచినవానికి మాటలతో పని లేని యొక నిశ్శబ్దము లభించును. దానిని రుచి చూచినవారు మరల మరల దారి పట్టుటలో వింత లేదు.

కాని ఈ నిశ్శబ్దమునకు అంచుననే శత్రువు పొంచియుండును. దాని పేరు నిద్ర. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని సామెత. నిద్ర స్థలము కూడ ఎరుగదు. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగముతో పోవుచున్న బండిపై కూడ వచ్చును. ఆ వేగమున నాలుగు సెకనులు కన్ను మూతపడెనా, దాదాపు తొంబది మీటర్లు బండి రౌతు లేకయే నడచినట్లు. పదిహేడు గంటలు మేలుకొనియున్నవాని చేతిపాటవము, వంద మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని పాటవము వలె దిగజారునని 1997లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. ఇరువది నాలుగు గంటల జాగరణమున అది సుమారు నూరు మిల్లీగ్రాములతో సమానము. మన చట్టము వాహనము నడుపువానికి విధించిన హద్దు ముప్పది. చుక్క ముట్టనివాడు సైతము తెల్లవారుజామున మూడు గంటలకు ఆ హద్దును మూడింతలు దాటినవానివలె కాగలడన్నమాట. ధైర్యము దీనికి మందు కాదు. కాఫీయు కొంతసేపే కాపాడును. మందు నిద్ర యొక్కటే. ఈ సత్యము నెరిగినవారు బంకు పక్క సిమెంటు అరుగుపై, శిరస్త్రాణము తీయకయే, అరగంట పడుకొని లేచుదురు. ఆ పదకొండు దినముల పందెమునందు విశ్రాంతికి కూడ మార్కు లిచ్చు పద్ధతి కలదు.

ఇంతవరకు ఇది తన ప్రాణముతో తానాడు ఆట వలె కనబడును. తన ప్రాణముపై తనకు హక్కున్నదని వాదించువారు కలరు. కాని రోడ్డు ఒక్కని సొత్తు కాదు. అమెరికాలోని అంతర్‌రాష్ట్ర రహదారికి ఇరువైపుల కంచె యుండును. ఎదురుగా బండి రాదు. మన రహదారిపై రాత్రివేళ వెనుక దీపము లేని ట్రాక్టరు పోవుచుండును. ఎదురుదిశలో ఆటో వచ్చును. కోతల కాలమున రైతు తన వడ్లను, మొక్కజొన్నలను తారుపైననే ఆరబోసి, రాళ్ళు పేర్చి కాపలా పడుకొనును. అతడు ఏ పందెమునందును పేరు నమోదు చేసికొనలేదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి నలుబది నలుగురికి పైగా రెండు చక్రముల వాహనములపై పోవువారే. ఇట్టి చోట నిద్రకన్నుల రౌతు పణముగా ఒడ్డునది తన ప్రాణము మాత్రమే కాదు.

ఇదిగాక నేటి యువకునికి మరియొక ప్రేరేపణ తోడైనది. శిరస్త్రాణమునకు కెమేరా తగిలించి, ఇన్ని గంటలలో ఇంత దూరమని లోకమునకు చూపుట. సాక్షులు, రసీదులు, ఒకే యోగ్యతాపత్రము అను పాత నియమములు వేగమును అణచుటకు పనికివచ్చినవి. చూపరుల చప్పట్లు వేగమునే కోరును. విద్య అక్కడ ముగిసి దుడుకుతనము మొదలగును. వాయిదాలపై కొన్న పెద్దబండిని వారము దినములైన నడుపకయే వేయి మైళ్ళకు ఎగబడు కుఱ్ఱవానికి తల్లిదండ్రులు అడ్డుపడినచో అది పాతకాలపు పిరికితనము కాదు.

దూరమును కొలుచుటకు గడియార మొక్కటే సాధనమా? టెడ్ సైమన్ అను ఇంగ్లీషు పత్రికారచయిత 1973లో ట్రయంఫ్ బండిపై బయలుదేరి నాలుగేండ్లు లోకము చుట్టెను. 1979లో వెలువడిన అతని గ్రంథమునకు జూపిటర్స్ ట్రావెల్స్ అని పేరు వచ్చుటకు భారతదేశమున ఒక జ్యోతిష్కుడు చెప్పిన మాట కారణము. ఆగిన చోట్లు లేకున్నచో ఆ గ్రంథమే లేదు. 2018లో హైదరాబాదు నుండి నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ళపై మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాములు తిరిగి సుమారు 17 వేల కిలోమీటర్లు పోయివచ్చిరి. వారికి దాదాపు రెండు నెలలు పట్టినది; అందువలన వారి ఘనత తగ్గలేదు. అంతకు పూర్వము 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణము నుండి హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి పదునైదు నెలలకు తిరిగివచ్చెను. ఆయన కాశీయాత్ర చరిత్రలో దారి మజిలీల లెక్కగా సాగును: ఎచట నీరు మంచిది, ఎచట సరకులు దొరకును, ఎచట దిగుటకు వసతి యున్నది. వేయి మైళ్ళ రౌతు నేడు కాగితముపై వ్రాసికొనునదియు ఇదియే. పల్లకి పోయి ఇంజను వచ్చినను బాటసారి విద్య మారలేదు. అది మజిలీని ఎంచుకొను విద్య.

కావున ఈ దూరపు స్వారిని మొత్తముగా నిందించుట తగదు. మొత్తముగా మెచ్చుటయు తగదు. తన దేహపు హద్దును తెలిసికొనుట గొప్ప చదువే. కాని హద్దు తెలిసినదను గుర్తు దానిని దాటుట కాదు, దాని దగ్గర ఆగుట. మన రౌతుల సంఘములు ఒక క్రొత్త మర్యాదను నెలకొల్పవచ్చును. వేయి మైళ్ళు ముగించినవానికి పతక మిచ్చునట్లే, తొమ్మిది వందల మైలు వద్ద కన్ను బరువెక్కినదని గ్రహించి, బండి ఆపి, పందెము వదలుకొని పడుకొనినవానిని సభలో నిలబెట్టి శాలువ కప్పవలెను. పరుగెత్తి పాలు త్రాగుట కంటె నిలువబడి నీళ్ళు త్రాగుట మేలని తెలుగువారు ఎన్నడో చెప్పిరి. ఆ రాత్రి తారుపై ధాన్యము కాచుకొని పడుకొనిన రైతు మరునాడు లేచి తన వడ్లు ఎత్తుకొనుట ఏ యోగ్యతాపత్రముకంటెను గొప్పది.