పాస్‌వర్డు కూడా సంతకమే

మొన్న సింధనూరులో ఒక ఆఫీసుకి కాగితం పని మీద వెళ్లాను. పేరెందుకులెండి. కౌంటర్లో కుర్రాడు మా క్యాంపువాడే. మానిటరు అంచుకు అంటించిన చీటీ చూసి పాస్‌వర్డు కొట్టాడు. అది పైఅధికారిదట. ‘‘అందరం అదే వాడతాం బాబాయ్’’ అన్నాడు. పక్క కుర్చీలో ఆవిడా అదే పేరుతో లోపలికెళ్లి ఇంకేదో దిద్దుతోంది. ఆఫీసు ఉమ్మడి ఫోల్డరైతే సంతబజారే. చూడ్డం వేరు, దిద్దడం వేరు, చెరిపేయడం వేరు అని కంప్యూటరు విడివిడిగా అడుగుతుంది. మనవాళ్లు అన్నిటికీ, అందరికీ టిక్కు పెట్టేశారు.

నా బీరువా తాళం గుమ్మానికి వేలాడదీస్తే నన్ను పిచ్చివాడంటారు కదా!

మా కర్ణాటక ఇది తెలియని రాష్ట్రమా అంటే కాదు. భూరికార్డుల ‘భూమి’ పథకంలో ఐఏఎస్ అధికారి రాజీవ్ చావ్లా బృందం దాదాపు రెండు కోట్ల పహాణీలను 177 తాలూకాల్లో కంప్యూటరుకెక్కించింది. అప్పట్లోనే వాళ్లు ఒట్టి పాస్‌వర్డును నమ్మలేదు. వేలిముద్ర పడితేనే లాగిన్. మ్యుటేషన్ అర్జీ వచ్చిన వరుసలోనే కదలాలి, మధ్యలో ఎవరి బావమరిదినీ దూర్చడానికి లేదు. పదిహేను రూపాయలకు పహాణీ చేతికొచ్చిన రోజు మా నాన్న దాన్ని రెండుసార్లు మడతవిప్పి చూసుకున్నాడు.

తాళం మరీ బిగించినా చిక్కే. 2020లో తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు చాలా తప్పులు దిద్దే అధికారం కలెక్టరు లాగిన్‌లోనే పెట్టారు. అక్షరం తప్పు పడినవాడూ జిల్లా కేంద్రానికి పరుగెత్తాడు. 2025లో భూభారతి పేరుతో చట్టమే మార్చాల్సి వచ్చింది.

అయితే నా కోపం ఆ కుర్రాడి మీద కాదు. వాడు కాంట్రాక్టు మనిషి. పర్మనెంటు కుర్చీ నింపరు, పని మాత్రం వీడిచేత చేయిస్తారు. వీడి పేరున లాగిన్ ఇస్తే ఆ పని వీడే చేస్తున్నాడని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే ఇవ్వరు. రేపు ఫైలు మాయమైతే మాత్రం మొదట ఇంటికి పోయేది వీడే. ఏడాదికోసారి రెన్యువల్, జీతం రెండు నెలలకోసారి.

రసీదు తీసుకుని బయటకొచ్చి చూసుకున్నాను. కింద అధికారి పేరు, టైము మధ్యాహ్నం ఒంటిగంటా పది. ఆ టైముకి ఆయన బళ్లారిలో పెళ్లి పంక్తిలో ఉన్నారని ఆ కుర్రాడే చెప్పాడు.

– కాలువగట్టు