పాటా–వాద్యం: తెరమీద గిటారు, చేతిలో గిటారు

గుమ్మడిదల నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగమట. మరో ముగ్గురితో కలిసి ఒక రేకుల గదిలో ఉంటున్నాడట. “గిటారు కొనుక్కోవాలని ఉంది సార్. కచేరీలు ఇచ్చేంత ఆశ లేదు. డ్యూటీ దిగాక నాలుగు పాటలు వాయించుకుంటే చాలు. ఆన్‌లైన్లో 3,000కి దొరుకుతోంది. కొట్లో 9,000ది చూపిస్తున్నారు. ఈ ఆరు వేల తేడా దేనికి? తక్కువది కొంటే మోసపోతానా?” అని అడిగాడు.

షిఫ్టు జీతం మీద బతికేవాడికి ఆరు వేలు చిన్న మాట కాదు. ఇంటికి పంపే డబ్బులోంచి తీయాల్సిందే. అందుకని ఈ వారం పాటల ముచ్చట్లు పక్కనపెట్టి ఈ ఉత్తరానికే జవాబు.

ముందు ఓ మాట. సినిమా గిటారుకి చేసిన మేలెంతో, చేసిన అన్యాయమూ అంతే! 1973లో ‘యాదోం కీ బారాత్’లో జీనత్ అమాన్ చేతిలో గిటారు చూసి దేశంలో సగంమంది కుర్రాళ్లు మనసు పారేసుకున్నారు. అదే కథ 1975లో మనకు ‘అన్నదమ్ముల అనుబంధం’ అయింది. కానీ ఆ హిందీ పాటలో వినిపించే గిటారు తెర మీద లేని భూపిందర్ సింగ్‌ది. కళ్లకి ఒకరు, చెవులకి ఒకరు! మన హీరోల సంగతి చెప్పనే అక్కర్లేదు. పొలం మధ్యలో ఎలక్ట్రిక్ గిటారు, దానికి తీగా లేదు, కరెంటూ లేదు. ఎడమచెయ్యి పాటంతా ఒక్కచోటే! అసలు వాయించినవాళ్లు వెనకాలే ఉండిపోయారు. ఇళయరాజా 1976లో ‘అన్నక్కిళి’తో సంగీత దర్శకుడు కాకముందు మన బాలు గారి కచేరీ బృందంలో గిటారు, హార్మోనియం వాయించినవారే. సలీల్ చౌదరి దగ్గర గిటారిస్టుగా పనిచేశారు కూడా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తెర మీద చూసిన గిటారు కొనకు తమ్ముడూ. నల్లటి మెరుపు, ఒకవైపు కోసిన నడుము, లోపల బ్యాటరీ, పక్కన మీటలు. చవకరకంలో వీటికి పెట్టే ప్రతి రూపాయీ వాయించే భాగంలోంచి కోసిందే.

వాయించే భాగమంటే ఏమిటి? మన వీణతో పోల్చుకుంటే సులువుగా తెలుస్తుంది. వీణకి బిరడలు, మెట్లు, గుర్రం ఉన్నట్టే గిటారుకీ ఉన్నాయి. కానీ ఒక్క తేడా చాలా పెద్దది. బొబ్బిలి వీణయినా, మరే వీణయినా మెట్లు మైనం మీద నిలబెడతారు. స్వరం తప్పితే మైనం కరిగించి మెట్టు జరుపుకోవచ్చు. గిటారు మెట్లు లోహపు కడ్డీలు, చెక్కలోకి దిగగొట్టేస్తారు. ఫ్యాక్టరీలో కొలత తప్పిందో, ఆ తప్పు గిటారు ఉన్నంతకాలం ఉంటుంది. నువ్వు ఎంత శ్రుతి చేసినా ఒక మెట్టు దగ్గర సరిగ్గా పలికి ఇంకో మెట్టు దగ్గర అపశ్రుతి. నేర్చుకునేవాడు ఏమనుకుంటాడు? “నా చెవి మంచిది కాదు, నాకు సంగీతం రాదు” అనుకుంటాడు. మూడో నెలకి గిటారు మంచం కిందకి పోతుంది. మోసపోవడమంటే అదీ, డబ్బు పోవడం కాదు.

ఆ ఆరు వేలు ఎక్కువగా అక్కడికే పోతాయి: మెట్ల కొలతకి, నిటారుగా నిలిచే మెడకి, జారని బిరడలకి. చెక్కకి అనుకుంటున్నావేమో! యమహా ఎఫ్ 310 లాంటి పేరున్న తొలిమెట్టు గిటారు పైపలక కూడా పొరలు అతికించిన ప్లైవుడ్డే. ఒక్క చెక్కతో చేసిన పైపలక కావాలంటే సాధారణంగా ఇంకా పైకి వెళ్లాలి. నీకు అది అక్కర్లేదు, పైగా చేటు. మన దగ్గర మే నెల ఎండలు, ఆ వెంటనే జులై చెమ్మ. ఒక్క చెక్క పగులుతుంది, ఉబ్బుతుంది. ప్లైవుడ్డు ఓర్చుకుంటుంది. రేకుల గదిలో అదే నయం.

ఇప్పుడు పరీక్ష. సెలవురోజు బస్సెక్కి బాలానగర్ మీదుగా సికింద్రాబాదో, కోఠీయో వెళ్లు. వెళ్లేముందు మీ కంపెనీ మెయింటెనెన్సు ఫిట్టర్‌ని బతిమాలి రెండు వస్తువులు అరువు తెచ్చుకో: స్టీలు స్కేలు ఒకటి, ఫీలర్ గేజి ఒకటి. కొట్లోవాడు వింతగా చూస్తాడు, చూడనీ!

మొదట గిటారుని తుపాకీలా కంటి దగ్గర పెట్టి మెడ పొడవునా చూడు. వడ్రంగి పలక వంకర చూసినట్టన్నమాట. మెలితిరిగి ఉంటే అక్కడితో వదిలెయ్. తర్వాత లావు తీగని మొదటి మెట్టు దగ్గరా, పద్నాలుగో మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కిపట్టు. మధ్యలో, అంటే ఆరో ఏడో మెట్టు మీద, తీగకీ మెట్టుకీ మధ్య సన్నని సందు ఉండాలి. 0.25 మిల్లీమీటర్ల గేజి రేకు ఇంచుమించుగా అందులో పడితే మెడ ఆరోగ్యంగా ఉన్నట్టే. అసలు సందే లేకపోయినా, మరీ ఎక్కువున్నా మెడలో సర్దుబాటు కడ్డీ ఉందా అని అడుగు. గిబ్సన్ కంపెనీవాళ్లు 1923లో పేటెంటు పొందిన ఏర్పాటు అది. చిన్న తాళం తిప్పితే మెడ వంపు మారుతుంది. అది లేని గిటారు ఎంత చవకైనా తీసుకోకు.

ఇక స్కేలు. పన్నెండో మెట్టు మీద లావు తీగ ఎంత ఎత్తులో ఉందో కొలువు. 2 నుంచి 2.5 మిల్లీమీటర్లయితే హాయి. 3 దాటితే వేళ్లు కోసుకుపోతాయి. ఇందులో ఒక శుభవార్త ఉంది: ఎత్తు ఎక్కువైతే గుర్రం మీది తెల్లముక్కని అరగదీసి దించవచ్చు. కొట్లో పనిమంతుడుంటే కొన్ని వందలతో అయ్యే పని. డబ్బిచ్చేముందే చేయించుకో, ఇచ్చాక ఎవరూ పలకరు!

అన్నిటికన్నా ముఖ్యమైనది పన్నెండో మెట్టు. అది తీగకి సరిగ్గా సగం. అక్కడ తీగని నొక్కకుండా వేలితో తాకించి మీటి వెంటనే తీసేస్తే గంటలాంటి స్వరం వస్తుంది. తర్వాత అదే చోట నొక్కి మీటు. రెండూ ఒకటే పలకాలి. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోనులో శ్రుతి చూపే యాప్ ఉండనే ఉంది. ఆరు తీగలకీ చూడు. ఆఖరున ప్రతి తీగ మీదా ప్రతి మెట్టూ ఒక్కొక్కటే మీటు. ఎక్కడైనా జుయ్యిమంటే గుర్తుపెట్టుకో. నూట ఇరవై స్వరాలు, పది నిమిషాలు పట్టదు.

ఈ పరీక్ష నెగ్గితే 3,000 గిటారైనా కళ్లకద్దుకుని తెచ్చుకో. ఒకే రకం పది ఉంటే రెండు మూడు నెగ్గుతాయి. అందుకే కొట్లో ఏరుకోమంటున్నాను. ఆన్‌లైన్లో ఏరుకోడానికి లేదు. అక్కడే కొనక తప్పకపోతే పార్సిలు వచ్చినరోజే పరీక్ష చెయ్యి, వాపసు గడువు దాటనివ్వకు.

నా మాటైతే మూడో దారి: పాతది. గిటారు కొని ఆర్నెల్లకి మానేసినవాళ్లు హైదరాబాదులో ప్రతి వీధిలో ఉంటారు. పేరున్న గిటారు సగం ధరకి దొరుకుతుంది. పైపరీక్షలతోపాటు గుర్రం వెనక పొట్ట ఉబ్బిందా, గుర్రం అంచు లేస్తోందా అని చూడు. ఇంచుమించు 70 కిలోల లాగుడు నిత్యం దానిమీదే ఉంటుంది మరి. తల దగ్గర సన్నటి పగులు కనిపిస్తే బేరమే ఆడకు. పాతదీ కుదరకపోతే రెండు నెలలు ఆగి యమహా ఎఫ్ 280 లాంటిది చూసుకో, ఇంచుమించు ఎనిమిది తొమ్మిది వేలు. వాయిదాల మీద మాత్రం వద్దు. గిటారు మానేసినా వాయిదా మానదు.

నైలాన్ తీగలదా, స్టీలుదా అన్నావు. 1940లలో అల్బర్ట్ ఆగస్టీన్ అనే ఆయన నైలాన్ తీగలు తయారు చేసేదాకా ఆ గిటారుకి జంతువుల పేగుతో చేసిన తీగలే కట్టేవారు. నైలాన్ మెత్తన, వేళ్లు నొప్పెట్టవు, మోత తక్కువ. మెడ మాత్రం వెడల్పు. మన సినిమా పాటలకి తీగలన్నీ కలిపి గీరి వాయించాలంటే స్టీలే బాగుంటుంది. అయితే నైలాన్ గిటారుకి స్టీలు తీగలు ఎప్పుడూ కట్టకు, గుర్రం ఊడి వస్తుంది. స్టీలు తీసుకుంటే 12 సైజు తీసేయించి 10 గానీ 11 గానీ వేయించు. వేళ్లకి చాలా తేడా. అయినా మొదటి రెండు మూడు వారాలు నొప్పి తప్పదు.

నువ్వు రాసిన ఇంకో చిక్కు అసలైనది: నైటు షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే స్నేహితులు! గుర్రం పక్కన తీగల కింద స్పాంజి ముక్క దోపు. పిక్ వదిలి బొటనవేలితో మీటు. గది దాటి వినిపించదు.

సంచీ తప్పకుండా కొను. రేకుల కింద గోడకి వేలాడదీస్తే మే నెలలో జిగురు మెత్తబడుతుంది. నేల మీద, ఎండ తగలని మూల పెట్టుకో. డబ్బు మిగిలితే మెడకి బిగించే కాపో కొను, బాలు గారి శ్రుతి నీ గొంతుకి అందనప్పుడు పనికొస్తుంది. భుజానికేసుకునే బెల్టు ఇప్పుడే వద్దు, మంచం మీద కూర్చునేగా వాయించేది!

పాత హార్మోనియం బాగుచేయించుకోవడం గురించి సిద్దిపేట చెల్లాయి అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేవారం.