పాస్‌బుక్కు తాకట్టు పెట్టే ముందు

ఈ ఏడాది కూడా పిల్లల్ని అమెరికా పంపే పనిలో ఉన్న ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు అయ్యాయి. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ముట్టింది. ఎడ్యుకేషన్ లోనుకు నాన్న పొలం పాస్‌బుక్కు బ్యాంకుకు వెళ్లడమే తరువాయి. ఈ ఏర్పాటంతా ఒకే నమ్మకం మీద నిలబడింది: మేనమామ కొడుకు వెళ్లినప్పుడున్న అమెరికాయే మనవాడు వెళ్లేసరికీ ఉంటుందని. ఆ నమ్మకానికి ఆధారం లేదు.

2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశాడు. అప్పటి మారకంలో దాదాపు 88 లక్షల రూపాయలు. అమలు ఆదివారం నుంచే. ఇండియాకు బయల్దేరబోతున్న విమానంలోంచి కొందరు దిగిపోయారు. సెలవుకు ఇంటికొచ్చినవాళ్లు చెప్పిన ధరకల్లా టికెట్ కొని వెనక్కి పరిగెత్తారు. ఉన్న వీసాలకు ఇది వర్తించదన్న మాట మర్నాటికి గానీ రాలేదు. అమెరికాలో చదువుకుంటూ అక్కడే హెచ్-1బికి మారేవారికి మినహాయింపు ఉందని చెప్పడానికి ఇంకో నెల పట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల హోదా రికార్డులు చెప్పాపెట్టకుండా రద్దయ్యాయి, కోర్టుకెక్కాక తిరిగొచ్చాయి. మే నెలాఖరున విద్యార్థి వీసాలకు కొత్త స్లాట్లు ఇవ్వడం ఆపి, సుమారు మూడు వారాలు ఎదురుచూసేలా చేశారు.

ఇదంతా ట్రంప్ చలవేననీ, ఆయన దిగిపోతే సర్దుకుంటుందనీ చాలామంది ధీమా. కానీ మనం చూస్తున్న రంగురంగుల అమెరికా వయసు అరవై ఏళ్లు. దాన్ని పుట్టించింది ఒక చట్టం. అంతకుముందున్న అమెరికాలో మనకు చోటే లేదు.

1790 నాటి చట్టం వలస వచ్చినవారిలో తెల్లవారికి మాత్రమే పౌరసత్వం అన్నది. 1882లో చైనా కూలీలకు తలుపు మూశారు. 1917లో ఆసియా మీద నిషేధపు గీత గీస్తే మన దేశమూ అందులో పడింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, మామూలు జనం దృష్టిలో ఇతను తెల్లవాడు కాడని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. దారుణం ఆ తర్వాత జరిగింది. అప్పటికే పౌరులైన భారతీయుల దగ్గర నుంచి కూడా పౌరసత్వం వెనక్కి లాక్కున్నారు. అలా పోగొట్టుకున్నవారిలో ఒకరు, కాలిఫోర్నియాలో వ్యాపారం చేసుకునే వైష్ణోదాస్ బగాయ్, 1928లో ప్రాణం తీసుకున్నాడు. కాగితం చేతికొచ్చాక ఇంకేం భయం అనేవారు ఈ ఒక్క పేరైనా గుర్తుంచుకోవాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌కు వెళ్లింది ఆ రోజుల్లోనే. ఆయన శ్రమ నుంచి వచ్చిన మందులతో ఎందరో అమెరికన్లు బతికారు. ఆయన మాత్రం ఆ దేశ పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశాడు. మనవాళ్లకు పౌరసత్వపు హక్కు దక్కిందే 1946లో. దానితోపాటు మన దేశం మొత్తానికీ ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది!

1965 అక్టోబర్ 3న లిండన్ జాన్సన్ స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర కూర్చుని కొత్త చట్టం మీద సంతకం చేశాడు. పుట్టిన దేశాన్నిబట్టి కోటా అన్న 1924 నాటి పద్ధతి పోయింది. దేశం రూపురేఖలేమీ మారవని చట్టం తెచ్చినవారే సభలో భరోసా ఇచ్చారు. బంధువులకు పెద్దపీట వేస్తే వచ్చేది యూరప్ చుట్టాలే కదా అనుకున్నారు. లెక్క తప్పింది. యూరప్‌కు అప్పటికి వలస వెళ్లే అవసరం తగ్గింది. ఆసియా నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు దిగారు, వారి వెనక భార్యలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. 1976లో పిట్స్‌బర్గ్ గుట్ట మీద వెంకటేశ్వరస్వామి వెలిశాడు, మరుసటేడు అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా పుట్టింది. 1970లో జనాభాలో 4.7 శాతంగా ఉన్న విదేశాల్లో పుట్టినవారు 2022కి దాదాపు 14 శాతం అయ్యారు. 1990 చట్టం హెచ్-1బిని తెచ్చింది, దాని వెంట మన ఊళ్లు కదిలాయి.

ఆ 1990 చట్టంలోనే ఒక మెలిక ఉంది. ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ సాధారణంగా ఏడు శాతం దాటకూడదు. ఐస్‌లాండ్‌కూ అంతే, మనకూ అంతే. అందుకే మనవాళ్ల క్యూ పదేళ్లు, ఇరవయ్యేళ్లు సాగుతోంది. గ్రీన్‌కార్డు ఉన్నా భార్యను తెచ్చుకోవాలంటే అప్పట్లో మళ్లీ క్యూయే. సత్య నాదెళ్లంతటివాడు 1994లో, భార్యను త్వరగా తెచ్చుకోవడానికి చేతిలోని గ్రీన్‌కార్డు వదులుకుని హెచ్-1బి తీసుకున్నాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

ఇప్పుడు అసలు ప్రమాదం. మన పిల్లల అప్పు తీరేది చదువయ్యాక కొంతకాలం అక్కడే పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతి మీద వచ్చే జీతంతో. సైన్సు, ఇంజనీరింగ్ వారికి ఆ ఓపీటీ మీద దొరుకుతున్న అదనపు రెండేళ్లు అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం కాదు, ఒక శాఖ రాసుకున్న నిబంధన. మార్చడానికి చట్టసభలో ఓట్లు అక్కర్లేదు. ఆ పైన లాటరీ: ఏడాదికి 85,000 హెచ్-1బిలు, ప్రపంచమంతా పోటీ. నలభై లక్షల అప్పును ఇన్ని ‘అయితే’ల మీద నిలబెట్టడం ధైర్యమని మేము అనుకోవడం లేదు.

దారి ఇరుకైన కొద్దీ దొంగదారులు చూపేవారు ఎక్కువవుతారు. 2011లో వీసా మోసం బయటపడి ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తొడిగారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని నడిపింది సాక్షాత్తూ అమెరికా అధికారులే. పాఠం లేదు, పంతులు లేడు, వలలో పడ్డ ఆరువందల మంది దాకా విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ. ప్రభుత్వ గుర్తింపు జాబితాలోనూ దాని పేరు ఉండేది. కాబట్టి జాబితా చూశాం అంటే చాలదు. మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఏ కన్సల్టెన్సీ అయినా అంటే ఆ గడప దిగి వచ్చేయండి. క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్లో దొంగచాటు పని చేయొద్దని మీ అబ్బాయికి, అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. అనుభవం లేకుండా అనుభవం రాసిన రెజ్యూమే మీద సంతకం పెట్టనివ్వకండి.

మీ పిల్లలు చేరబోయే కాలేజీలో ఇప్పుడు చదువుతున్న పిల్లవాడితో మీరే మాట్లాడండి. ఓపీటీ రాకపోయినా, లాటరీ తగలకపోయినా ఆ డిగ్రీతో హైదరాబాదులో వచ్చే జీతం వాయిదాలకు సరిపోతుందో లేదో కాగితం మీద లెక్క వేయండి. సరిపోకపోతే ఈ ఏడాదికి పాస్‌బుక్కును బీరువాలోనే ఉండనివ్వండి.